గోడలో పంతొమ్మిది అతుకులు

2018 ఫిబ్రవరి 12, సోమవారం. ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు. కరెంటు పోయిన వేళ, వచ్చిన వేళ క్యాలెండర్ మీద రాసుకోవడం నాకు అలవాటు కాబట్టి సమయం ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. ఫ్యాను ఆగిన నిమిషంలోనే యాదగిరి, అతని భార్య అండాలు మా దుకాణం మెట్లెక్కారు.

మాది భువనగిరిలో బస్టాండు నుంచి కోట వైపు వచ్చే రోడ్డు మీద ఎలక్ట్రికల్, టీవీ సామాన్ల దుకాణం. 1989లో మా ఆయన రేడియో రిపేరుతో మొదలుపెట్టారు. ఆయన పోయిన తర్వాత నేనే నడుపుతున్నాను. రిపేర్లు చూసేది ఖాజా. ముందు వరండాలో బల్ల వేసుకుని కూర్చుంటాడు. నాకు టంకం పెట్టడం రాదు గాని, ఏ వైరు దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో చెప్పగలను. ఇన్నేళ్లలో ఎందరో కొనుక్కుపోయారు. చాలామంది ముఖాలు గుర్తులేవు. ఈ ఇద్దరూ గుర్తున్నారు.

హోమ్ థియేటర్ పెట్టుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: చవక కేబుల్‌కూ ఖరీదు కేబుల్‌కూ తేడా ఏమిటి అని. మూడు నాలుగు మీటర్ల లోపు అయితే బొమ్మలో తేడా ఏమీ ఉండదు. హెచ్‌డీఎంఐ కేబుల్ అంటే బొమ్మనూ ధ్వనినీ ఒకే తీగలో మోసుకుపోయేది. అందులో అవి అంకెలుగా మారి ప్రయాణిస్తాయి. చేరితే పూర్తిగా చేరతాయి, చేరకపోతే తెర మీద చుక్కలు రాలుతాయి, లేదా తెర నల్లబడుతుంది. మధ్యరకం అంటూ లేదు. తల మీద బంగారు పూత, పైన అల్లిన తొడుగు కంటికి బాగుంటాయి, అంతే. స్పీకర్ వైరుకు మాత్రం రాగి చూడాలి. గోటితో గీకితే లోపల తెల్లగా కనిపిస్తే అది అల్యూమినియానికి రాగి పూత పూసినది. దానికి ఎంత తక్కువ ఇచ్చినా ఎక్కువే. ఇంతవరకు చెబితే చాలామందికి పని అయిపోతుంది. పొడవు పది మీటర్లు దాటినప్పుడే నేను కుర్చీలోంచి లేచి వివరాలు అడుగుతాను.

యాదగిరి పదకొండున్నర మీటర్లు కావాలన్నాడు. టేపుతో కొలవలేదు. పైపులోంచి నూలు దారం లాగి, రెండు చివర్లా ముడి వేసి తెచ్చాడు. ఆ దారాన్ని నా బల్ల మీద పరిచి కొలిచాను. సరిగ్గా పదకొండున్నర వచ్చింది. రెండు కొసలకూ వదులు ఉండాలి కాబట్టి పదిహేను మీటర్ల కేబుల్ తీసి ముందర పెట్టాను. అతను దాన్ని చేతిలో తిప్పి చూసి తల ఊపాడు.

"లావుగున్నది పెద్దమ్మ. సన్నది లేదా? ముప్పావు ఇంచు పైపుల దూరాలె."

ఇల్లు దామోదర్ అనే ఆయనది. ప్లాట్లు చేసి, ఇండ్లు కట్టి అమ్మే మనిషి. వరంగల్ రోడ్డు పక్క వెంచర్‌లో ముందు తన సొంత ఇల్లు కట్టుకున్నాడు. పైఅంతస్తులో సినిమా గది. సీలింగుకు ప్రొజెక్టర్, ఎదురు గోడకు తెర, తెర కింద ప్లేయర్, యాంప్లిఫయర్. ప్లేయర్ నుంచి ప్రొజెక్టర్ దాకా గోడలో పైపు స్లాబు వేసిన రోజే పెట్టేశారు. రెండు వంపులు, మధ్యలో ఒక జంక్షన్ బాక్సు. లైటు వైర్లకు పెట్టే పైపు అది. హెచ్‌డీఎంఐ తల అందులో పట్టదని అప్పుడు ఎవరూ ఆలోచించలేదు. పైపు పెట్టినవాడు వేరు, ఇప్పుడు వైరింగు ఒప్పుకున్నది యాదగిరి.

యాదగిరి నేత మనిషి. భువనగిరికి దగ్గర్లో ఒక ఊళ్లో నేతవాడ వాళ్లది. పని లేని నెలల్లో డిష్ యాంటెనాలు బిగించడం నేర్చుకుని, రెండేళ్లుగా మా దగ్గరే వైరు కొనేవాడు. లెక్క సరిగా ఇచ్చే మనిషి. ఇది అతనికి మొదటి పెద్ద పని. ఇది నచ్చితే వెంచర్‌లో కట్టబోయే ఇరవై రెండు ఇండ్లూ అతనివేనని దామోదర్ నోటిమాటగా చెప్పాడు. ఆ మాట మీద వాళ్లు జనవరిలో మగ్గం విప్పి కర్ర అమ్మేశారు. మగ్గం గుంత, అంటే నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే గొయ్యి, మట్టి పోసి పూడ్చి పైన బండలు పరిచారు. వైర్లు, పైపులు, నిచ్చెన పెట్టుకోవడానికి జాగా కావాలి కదా అని.

తొందరపడ్డారేమో అన్నాను.

"ఇద్దరం నెలంత కూసున్నా కిరాణంకే సరిపోతలేదు పెద్దమ్మ," అన్నాడు యాదగిరి. "ఇంకెన్నేండ్లు?"

అండాలు అప్పటిదాకా కేబుల్ కొసనే చూస్తూ ఉంది. నా వైపు తిరిగి నవ్వింది. "గుంత పూడ్చినం గని నా కాళ్లకు ఇంక తెల్వలే. పొద్దుగాల లేవంగనే గటే పోతయి. పోతె ఆడ బండలు."

వాళ్లకు రెండు దారులు చెప్పాను. గాజు పోగుతో చేసిన సన్నటి కేబుల్ ఒకటి ఉంది. దాని తల విడిగా వస్తుంది, పైపులోంచి లాగిన తర్వాత బిగించుకోవచ్చు. హైదరాబాదు నుంచి తెప్పించాలి, ధర ఆరింతలు. లేదంటే ఈ చవక కేబులే తీసుకుని, గోడ మీద కేసింగ్ పట్టీ వేసి అందులో పరచాలి. కేసింగ్ పట్టీ అంటే మూత ఉన్న ప్లాస్టిక్ కాలువ. గోడ రంగే వేస్తే పెద్దగా కనిపించదు. నేనైతే పట్టీయే వేస్తానని చెప్పాను.

ఖరీదైనది అతను కొనలేడు, సామానుతో కలిపి పని మొత్తం ఒకే ధరకు ఒప్పుకున్నాడు. గోడ మీద ఏమీ కనబడొద్దని దామోదర్ ముందే చెప్పాడట. అయినా సారును బతిమాలి పట్టీకి ఒప్పిస్తానని చవక కేబుల్ తీసుకున్నాడు. కరెంటు వచ్చిన తర్వాత ఖాజా దాన్ని ప్లేయర్‌కూ టీవీకీ తగిలించి, పూర్తి స్థాయి బొమ్మతో పది నిమిషాలు నడిపి చూపించాడు. పొడవు కేబుల్ ఏదైనా అలా పరీక్షించి ఇవ్వడం మా పద్ధతి. ఒక్క చుక్క రాలలేదు.

20వ తేదీ మంగళవారం మధ్యాహ్నం అండాలు ఒక్కతే వచ్చింది. వెనక స్పీకర్లకు వైరు కావాలంది. పట్టీ వేశారా అని అడిగాను. వేయలేదంది. కేబుల్ పైపులోంచే పోయిందంది.

"తల ఎట్ల దూరింది?"

"దూరలే. కోసినం," అంది, అందులో దాచడానికేమీ లేనట్టు.

అప్పుడు మొత్తం చెప్పింది. దామోదర్ పట్టీకి ఒప్పుకోలేదు. రెండు రోజులు తిప్పలుపడి, జంక్షన్ బాక్సు దాకా రెండు వైపుల నుంచీ అందేలా చూసి కేబుల్‌ను మధ్యలో కోశారు. తల లేని రెండు కొసలనూ పైపు రెండు చివర్ల నుంచి లాగారు. జంక్షన్ బాక్సు దగ్గర మళ్లీ కలిపారు. కలిపింది అండాలు.

నేత గురించి తెలియనివాళ్ల కోసం ఇక్కడ ఒక మాట చెప్పాలి. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోయాక కొత్త పడుగు పోగులను పాత పోగుల కొసలకు ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలుపుతారు. అచ్చు అతకడం అంటారు. ఇది చాలా ఇండ్లలో ఆడవాళ్ల పని. వేళ్లకు బూడిద అద్దుకుని, కంటికి సరిగా ఆనని పోగులను గంటల తరబడి అతుకుతారు. ఒక్క అతుకు వదులైనా నేతలో తెగుతుంది. అండాలు చిన్నప్పటి నుంచీ అతికిన చేయి. కేబుల్ కోసి చూస్తే లోపల రంగురంగుల పోగులు పంతొమ్మిది. ఆమెకు అవి కష్టమనిపించలేదు.

"వేల పోగులు అతికిన దాన్ని. పంతొమ్మిదే గదమ్మా," అంది.

ఖాజా వరండాలోంచి లేచి వచ్చాడు. ఆ పోగులు జతలు జతలుగా ఒక లెక్క ప్రకారం మెలికలు తిరిగి ఉంటాయని, ఒక్కో జత మీద వెండి కాగితం లాంటి తొడుగు ఉంటుందని, కోసినచోట ఆ మెలికా తొడుగూ పోతాయని ఆమెకు చెప్పాడు. కరెంటు దానిగుండా పోతుంది గాని, బొమ్మ అంత వేగంగా పోతున్నప్పుడు ఆ రెండు అంగుళాల్లో చెదిరిపోతుందని చెప్పాడు. ఆమె నమ్మలేదు. కలిపిన రోజే పాత డిష్ బాక్సు, చిన్న టీవీ పెట్టి చూశారట. బొమ్మ మంచిగా వచ్చిందట. అదే వాళ్లను ముంచింది. డిష్ బాక్సు పంపేది చిన్న బొమ్మ. ప్రొజెక్టర్‌కు పోవలసింది దానికి ఎన్నో రెట్లు పెద్దది. సందులో సైకిలు పోయిందని లారీ పోదు కదా అని నేను చెప్పాను. అప్పుడు ఆమె ముఖం మారింది.

"ఇయ్యాలనే సారుకు చెప్పుండ్రి. బాక్సు మూత తీస్తే గంట పని," అన్నాను.

బాక్సు మూత లేదంది. మేస్త్రీ దాన్ని పూడ్చి పుట్టీ పెట్టేశాడు. గృహప్రవేశం ముహూర్తం దగ్గరికి వచ్చిందని ఆ గోడకు హైదరాబాదు మనుషులు వచ్చి ఏదో డిజైను రంగు వేసిపోయారు. ఇప్పుడు ఆ గోడను ముట్టుకుంటే దామోదర్‌కు తెలియకుండా ఉండదు. ఇండ్ల మాట ఏమవుతుందో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

మరునాడు యాదగిరి ఫోను చేశాడు. ప్రొజెక్టర్ ఇంకా రాలేదని, గృహప్రవేశం రోజు పొద్దున్నే వస్తుందని చెప్పాడు. "గృహప్రవేశం ఒక్కటి కానియ్యి పెద్దమ్మ. గా రోజు బొమ్మ వస్తే చాలు. తర్వాత నేనే నిమ్మలంగ చెప్పుకుంట, నేనే తీసి ఏస్త."

ముందే చెప్పడం మంచిదన్నాను. సరేనన్నాడు. చెప్పలేదు.

26వ తేదీ సోమవారం గృహప్రవేశం. మధ్యాహ్నం పన్నెండున్నరకు దామోదర్ దుకాణానికి ఫోను చేశాడు. మీ కేబుల్ పని చేయడం లేదు, చుట్టాల ముందు పరువు పోతోంది, ఎవరినైనా పంపండి అన్నాడు. ఖాజాను తీసుకుని నేనే ఆటోలో పోయాను. కొత్త కేబుల్ ఒకటి, కేసింగ్ పట్టీలు ఆరు సంచిలో పెట్టుకున్నాను.

సినిమా గది నిండా జనం. కొందరు ప్లేట్లు చేతిలో పట్టుకుని నిలబడే తింటున్నారు. ప్రొజెక్టర్‌కు పసుపు కుంకుమ పెట్టి ఉంది. తెర మీద తెల్లటి చుక్కలు వాన పడినట్టు పడుతున్నాయి. ఒక్క క్షణం బొమ్మ వచ్చి మళ్లీ నల్లబడుతోంది. అలా వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు "వచ్చె, వచ్చె" అంటున్నారు. యాదగిరి ప్లేయర్ ముందు గొంతుక్కూర్చుని, తీసిన కొసనే తీసి పెడుతున్నాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. అండాలు గోడ పక్కన నీళ్ల గ్లాసుల పళ్లెం పట్టుకుని ఉంది. ఆ రోజు ఆమె పనికి రాలేదు, పిలిస్తే వచ్చింది. అయినా పళ్లెం పట్టుకుంది.

దామోదర్ నా దగ్గరికి వచ్చి, భువనగిరి సరుకు ఇంతేనని ముందే అన్నారు, నేను వినలేదు అన్నాడు. ఆ మాట అందరికీ వినబడింది.

"పరీక్ష చేసి ఇచ్చిన సరుకు సారు," అన్నాను. "బయటికి తియ్యుండ్రి, ఈడనే పెట్టి చూద్దాం. చెడ్డదైతే ఇగో కొత్తది నా సంచిలనే ఉన్నది, ఒక్క పైస ఇయ్యకుండ్రి."

దామోదర్ యాదగిరి వైపు తిరిగి కేబుల్ గుంజి తీయమన్నాడు. యాదగిరి లేచాడు గాని కదల్లేదు. అతుకు ఉన్న కేబుల్ ఆ వంపులోంచి రాదు. ఏమీ అనకుండా నిలబడితే కేబులే చెడ్డదనే మాట మిగులుతుంది, ఇండ్ల పని మిగులుతుంది. గోడలోని అతుకు సంగతి ఆ గదిలో ముగ్గురికే తెలుసు, ఖాజాతో నలుగురికి. నా సరుకు గురించి చెప్పవలసింది నేను చెప్పాను. మిగతాది వాళ్లు చెప్పవలసినది.

అండాలు పళ్లెం కిటికీ గట్టు మీద పెట్టింది.

"కేబుల్ మంచిదే సారు. తల పైపుల పట్టలే. నేనే కోసిన, నేనే అతికిన. గోడల ఉన్నది అతుకు. పెద్దమ్మ వారం కిందనే చెప్పింది సారుకు చెప్పుండ్రని. మేమే చెప్పలే."

వెనక నుంచి ఎవరో, మగ్గం అనుకున్నట్టుంది అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. దామోదర్ నవ్వలేదు, అరవలేదు. యాదగిరిని చూసి నెమ్మదిగా అడిగాడు.

"ఈ ఇంట్ల ఇంక ఏమేం అతికిన్రు?"

"ఏం లేదు సారు. గదొక్కటే."

"నేనెట్ల నమ్మాలె యాదగిరీ? గోడల ఉన్నది నాకు కనవడదు. రేపు నా దగ్గర ఇల్లు కొన్నోడు గిదే అడిగితే నేనేం చెప్పాలె?"

దామోదర్‌ను చెడ్డవాడని నేను అనను. పట్టీ వేసి అరగంటలో బొమ్మ తెప్పిస్తామని ఖాజాతో చెప్పించాను. ఆయన చేయి అడ్డం పెట్టాడు. భోంచేసి పొమ్మన్నాడు. మేము తినకుండానే వచ్చేశాం. తర్వాత ఆ గదీ, మిగతా ఇండ్లూ హైదరాబాదు వాళ్లకు ఇచ్చాడని విన్నాను.

మార్చి రెండో వారంలో గోడ పగలగొట్టారు. ఆ ఖర్చు యాదగిరి కూలీలో పోయింది, అంటే చేతికి ఏమీ రాలేదు. కోసి పారేసిన అతుకు ముక్కను అతను మా దుకాణానికి తెచ్చాడు. ఎందుకు తెచ్చాడో మొదట అర్థం కాలేదు. ఖాజా చేతిలో పెట్టి, విప్పి చూడమన్నాడు.

పైన నల్ల టేపు. టేపు విప్పితే లోపల ఒక్కో అతుకు మీద పట్టు దారం చుట్టి ఉంది. టేపు చుడితే లావైపోయి బాక్సులో పట్టదని, ఒకదానికొకటి తగలకుండా అండాలు పంతొమ్మిదింటికీ విడివిడిగా పట్టు దారం చుట్టింది. అతుకులన్నీ ఒకేచోట రాకుండా ముందూ వెనకా జరిపి వేసింది. ఖాజా మీటరు తీశాడు. తీగ ఈ కొస నుంచి ఆ కొసకు కలిసి ఉంటే ఆ మీటరు కూత పెడుతుంది. ఒక్కొక్కటి ముట్టించాడు. పంతొమ్మిదీ కూశాయి. ఎక్కడా పక్కదానితో కలవలేదు.

"అన్నీ మంచిగనే ఉన్నయి. నా టంకం కూడ ఇంత సాఫ్‌గ ఉండదు," అన్నాడు ఖాజా.

"మరి బొమ్మెందుకు రాలే భాయ్?"

ఖాజా అండాలుకు చెప్పినదే అతనికీ చెప్పాడు. మెలిక గురించి, తొడుగు గురించి. కలవడం వేరు, మొదట ఉన్నట్టు ఉండడం వేరని. యాదగిరి చివరిదాకా విన్నాడు.

"అంటే ఆమె చేతుల తప్పు లేదు."

"లేదు," అన్నాను నేను.

"రెండు వారాలాయె, ఏం ముట్టుకుంట లేదు. వంట గూడ మా అక్కనే జేస్తుంది. ఇంటికి పోయి చెప్త."

చెప్పే ఉంటాడు. ఆ మాట వల్ల ఏమైనా మారిందో లేదో తెలియదు. ఆ ఏడాది ఎండాకాలం దాటిన తర్వాత అండాలు ఒక కోళ్ల ఫారంలో గుడ్లు వేరుచేసే పనికి కుదిరింది. యాదగిరి అదే ఫారంలో దాణా బస్తాలు మోశాడు. గుంత తవ్వించి మళ్లీ మగ్గం పెట్టాలని ఒకసారి అనుకున్నారట. నూలు ఇచ్చే ఆసామి అప్పటికే వాళ్ల పడుగు వేరే ఇంటికి ఇచ్చేశాడు. యాదగిరి మా దుకాణానికి మళ్లీ రాలేదు. రెండేళ్ల తర్వాత బస్టాండులో అండాలు కనిపిస్తే పలకరించాను. బాగానే మాట్లాడింది, మోకాళ్ల నొప్పుల గురించి. కేబుల్ మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఈ వృత్తిలో నాకు దాని వల్ల తెలిసింది ఇది. పొడవు కేబుల్ కొనేవాళ్లను ముందు పొడవు అడగకూడదు, దారి అడగాలి. పైపు ఎంత లావు, వంపులెన్ని, గోడకు రంగు పడిందా లేదా. తల పట్టకపోతే కేబుల్ పనికిరాదు అని చెప్పి ఊరుకోకూడదు. అప్పుడు మీరేం చేస్తారు అని కూడా అడగాలి. చేతిలో పని ఉన్న మనిషి కాదన్నచోట ఆగడు, తనకు వచ్చిన పద్ధతిలో దారి వెతుక్కుంటాడు. ఆ పద్ధతి ఏమిటో కేబుల్ కట్ట కట్టేలోపే తెలుసుకోవాలి. ఇల్లు కట్టుకునేవాళ్లకు చెప్పేది ఒకటే: సినిమా గది అనుకుంటే స్లాబు వేసే ముందే ఒకటిన్నర అంగుళాల పైపు వేయించండి. పైపుకు అయ్యే ఖర్చు చాలా తక్కువ. ఏ తీగనైనా అసలు ప్లేయర్‌తో, అసలు ప్రొజెక్టర్‌తో నడిపి చూసిన తర్వాతే మేస్త్రీని పుట్టీ పెట్టనివ్వండి, ముహూర్తం ఎంత దగ్గరున్నా సరే.

ఇక పోయినవి రాస్తాను. పదిహేను మీటర్ల కేబుల్ ఒకటి. డిజైను రంగు వేసిన గోడలో నాలుగు అడుగులు. యాదగిరి, అండాలు కలిసి చేసిన ముప్పై నాలుగు రోజుల కూలి. నోటిమాటగా ఉన్న ఇరవై రెండు ఇండ్ల పని. మగ్గం ఒకటి, దాని గుంతతో సహా. ఒక ఆడమనిషికి తన చేతుల మీద ఉన్న నమ్మకం. అది ఎంతవరకు పోయిందో నేను కొలవలేను. మా దుకాణానికి పోయింది ఏమీ లేదు. కేబుల్ డబ్బు మొదటి రోజే ముట్టింది.